ఫలితం ముందే వస్తుంది, చక్రం తర్వాత తిరుగుతుంది

ఆన్‌లైన్ స్లాట్ అంటే గుర్తులున్న చక్రాలు (రీళ్లు) తిరిగి ఆగే పందెపు ఆట. అందులో 'స్పిన్' నొక్కినప్పుడు ఫోన్ చేసే పని చాలా చిన్నది. ఏ ఆట, ఎంత పందెం అని సర్వర్‌కు ఒక సందేశం పంపుతుంది, అంతే. అక్కడి ర్యాండమ్ నంబర్ జనరేటర్ అనే ప్రోగ్రామ్ ఊహకందని అంకెలు తీస్తుంది. ఏ రీల్ ఎక్కడ ఆగాలో, ఎంత చెల్లించాలో ఆ అంకెలతోనే తేలిపోయి, ఖాతాలో నిల్వ కూడా మారిపోతుంది. తిరిగివచ్చే జవాబు కొన్ని కిలోబైట్లే కాబట్టి నెట్ బాగుంటే పావు సెకనులో ఫోన్‌కు చేరుతుంది. ఆపైన రీళ్లు గిర్రున తిరగడం, చివరి రీల్ ఊరిస్తూ నెమ్మదించడం, నాణేలు రాలే చప్పుడు, అన్నీ అయిపోయిన పెళ్లికి మేళాలు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా భ్రమలు పోతాయి. తిరుగుతున్న రీల్‌ను సరైన సమయంలో ఆపే 'స్టాప్' బటన్ బొమ్మను తొందరగా ఆపుతుంది గానీ ఫలితాన్ని తాకదు. మధ్యలో నెట్ పోయినా, బ్యాక్ కొట్టినా పందెం రద్దు కాదు. సర్వర్‌లో అది ముగిసిన ఆటే. మళ్లీ లాగిన్ అయ్యాక మిగిలిన బొమ్మ చూపిస్తుంది. జాక్‌పాట్ గుర్తు ఒక్క గడి పక్కన ఆగిందంటే 'దగ్గరికి వచ్చింది' అని కూడా కాదు. అమెరికాలో 1984లో ఇంగే టెల్నేస్ పేటెంట్ పొందిన పద్ధతిలో, కంటికి కనిపించే రీల్ వెనక కంప్యూటర్‌లో మరో పొడవైన రీల్ ఉంటుంది. దానిలో 64 స్థానాలుండి, జాక్‌పాట్ గుర్తు ఒక్కటే ఉంటే, మూడు రీళ్ల మీద అది కలిసే అవకాశం 2,62,144లో ఒకటి. తెర మీద మాత్రం ఆ గుర్తు ఎప్పుడూ ఇక్కడే ఎక్కడో తిరుగుతున్నట్టుంటుంది.

ఒకప్పుడు బ్రౌజర్‌లో ఇలాంటి ఆటలు నడిపిన అడోబీ ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది. ఐఫోన్‌లో అది ఎప్పుడూ నడవలేదు కాబట్టి, గేమ్ స్టూడియోలు అంతకు చాలా ముందే ఏ ప్లగిన్ లేకుండా బ్రౌజర్‌లోనే నడిచే హెచ్‌టీఎమ్‌ఎల్5కు మారడం మొదలుపెట్టాయి. ఇప్పుడు బొమ్మను వెబ్‌జీఎల్ అనే బ్రౌజర్ సాంకేతికత ఫోన్ గ్రాఫిక్స్ చిప్ మీదే గీస్తుంది. వెబ్‌సాకెట్ సర్వర్‌తో లైనును తెరిచే ఉంచుతుంది, ప్రతి పందేనికీ కొత్తగా కనెక్షన్ కట్టాల్సిన పని లేదు. పదివేల రూపాయల ఫోన్‌లో కూడా ఆట ఒంటిచేత్తో, నిలువు తెర మీద, తడబడకుండా సాగిపోతుంది.

లైసెన్సు ఉన్న ఆటలో మోసం జరుగుతుందేమో అని చాలామంది భయం. నా లెక్కలో అసలు ఖర్చు అక్కడ లేదు, వేగంలో ఉంది. ఆర్‌టీపీ 96 శాతం అంటే వేసిన ప్రతి వంద రూపాయల పందెంలో దీర్ఘకాలంలో సగటున 96 తిరిగివస్తాయని. ఆ వంద మీరు ఖాతాలో వేసిన వంద కాదు, పందెంగా తిరిగిన వంద. గెలిచిన చిల్లరను మళ్లీ తిప్పితే దాని మీదా 4 శాతం కోత పడుతుంది. పందెం 10 రూపాయలు అనుకుందాం. ఆరు సెకన్లకు ఒక స్పిన్ చొప్పున గంటకు 600 స్పిన్లు, 6,000 రూపాయల పందెం, సగటు నష్టం 240. టర్బో పెట్టి సెకనుకొకటి తిప్పితే 3,600 స్పిన్లు, 36,000 పందెం, 1,440 నష్టం. అదే 10 రూపాయలు 37 గళ్ల యూరోపియన్ రౌలెట్‌లో, మనిషి చక్రం తిప్పే బల్ల దగ్గర, గంటకు 45 ఆటలు ఆడితే కోత 2.7 శాతం చొప్పున సుమారు 12 రూపాయలు. పన్నెండెక్కడ, పద్నాలుగు వందల నలభై ఎక్కడ! రెండింటి మధ్య కోత శాతంలో తేడా ఒకటిన్నర రెట్లే. మిగిలిందంతా బ్రౌజర్ మిగిల్చిన సమయమే.

బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ పట్టుకున్నది ఈ తీగనే. 2021 అక్టోబరు 31 నుంచి అక్కడ ఆన్‌లైన్ స్లాట్‌లో ఒక ఆట మొదలయ్యాక 2.5 సెకన్లు గడిస్తేగానీ రెండోది మొదలు కాకూడదు. నొక్కకుండానే స్పిన్లు వాటంతటవే సాగే ఆటోప్లే లేదు. 10 పెట్టి 4 వచ్చినప్పుడు పండగ చేసే సంగీతం, మెరుపులు కూడా నిషిద్ధం, అది గెలుపు వేషం వేసుకున్న నష్టం గనుక. 2025 జనవరి నుంచి మిగతా క్యాసినో ఆటలకూ 5 సెకన్ల కనీస వ్యవధి పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి స్లాట్‌లో ఒక్క స్పిన్‌కు 5 పౌండ్లు, మే నుంచి 18-24 ఏళ్లవారికి 2 పౌండ్లు గరిష్ఠం. ఆర్‌టీపీ ఇంత ఉండాలి అనే కన్నా ఇది తెలివైన దారి.

మన దగ్గర కుర్రకారును ఎక్కువగా లాగుతున్నవి క్రాష్ ఆటలు. విమానం ఎగురుతూ ఉంటే గుణకం 1 నుంచి పెరుగుతుంది. అది ఎగిరిపోయేలోపు డబ్బు తీసుకోవాలి. 97 శాతం ఆర్‌టీపీ ఉన్న ఇలాంటి ఆటలో 2 రెట్లు దాటే అవకాశం 48.5 శాతం, 10 రెట్లు దాటేది 9.7 శాతం. ఏ రెట్టు దగ్గర ఆగినా గుణించి చూడండి, రూపాయికి 97 పైసలే. 'చిన్న రెట్టు దగ్గరే తీసేసుకుంటే సేఫ్' అన్న సలహా అందుకే ఒట్టిది. పైగా లెక్కకు వచ్చేది మీరు నొక్కిన క్షణం కాదు, నొక్కిన సంగతి సర్వర్‌కు చేరిన క్షణం. మొబైల్ నెట్‌లో ఆ 200, 300 మిల్లీసెకన్లలోనే విమానం పోవచ్చు. ముందే పెట్టుకున్న రెట్టు దగ్గర డబ్బు దానంతటదే తీసే ఆటో క్యాష్‌అవుట్ సాధారణంగా సర్వర్‌లోనే అమలవుతుంది కాబట్టి ఆ ఆలస్యం ఉండదు. కోత మాత్రం అదే.

ఈ ఆటల్లో 'ప్రూవబ్లీ ఫెయిర్' అనే ముద్ర ఉంటుంది. ఆటకు ముందే సర్వర్ తన రహస్య సీడ్‌కు, అంటే ఫలితాన్ని తేల్చే మూల అంకెకు, షా-256 హ్యాష్ అనే వేలిముద్ర లాంటి కోడ్ చూపిస్తుంది. తర్వాత సీడ్ బయటపెడుతుంది. దాన్ని మీరే హ్యాష్ చేసి రెండూ కలిశాయో లేదో సరిచూసుకోవచ్చు. మంచి పద్ధతే. కానీ అది రుజువు చేసేది సర్వర్ మధ్యలో మాట మార్చలేదని మాత్రమే, ఆట మీకు లాభమని కాదు. హ్యాష్ నుంచి సీడ్‌ను వెనక్కి తీయలేరు కాబట్టే, ఫలితం ముందే చెబుతామంటూ టెలిగ్రామ్‌లో అమ్మే 'ప్రిడిక్టర్' ఏపీకేలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) అన్నీ బూటకం. వాటిని ఇన్‌స్టాల్ చేసి, ఎస్‌ఎమ్‌ఎస్ చదివే అనుమతి ఇస్తే ఓటీపీలు కూడా చేతులు మారతాయి.

లైవ్ బల్లల సంగతి కాస్త వేరు. మన ఊళ్లలో లోనా బయటా అనే పేకాటనే స్టూడియోలో కెమెరా ముందు అందర్ బాహర్‌గా ఆడిస్తున్నారు. ముక్కను కెమెరా లేదా స్కానర్ చదివి సర్వర్‌కు అంకెగా పంపుతుంది. మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం 51.5 శాతం. అందుకే ఆ వైపు గెలిస్తే సాధారణంగా రూపాయికి 90 పైసలే ఇస్తారు. కోత 2.15 శాతం. రెండో వైపు రూపాయికి రూపాయి, కోత 3 శాతం. చెరువు గట్టు మీద ఆటలో లేని ఈ లెక్కను నవ్వుతూ ముక్కలు వేసే అమ్మాయి ఎక్కడా చెప్పదు.

బోనస్‌నూ లెక్కతోనే చూడాలి. వెయ్యి రూపాయల బోనస్‌కు 35 రెట్ల పందెం షరతు ఉంటే 35,000 తిప్పాలి. 4 శాతం చొప్పున సగటు నష్టం 1,400. ఉచితంగా వచ్చిన వెయ్యి కన్నా అది ఎక్కువ. ఒకే స్లాట్ 96 శాతానికీ, 90 కన్నా తక్కువకూ సెట్టింగులతో దొరుకుతుంది. బొమ్మ, పాట ఒకటే, కోత వేరు. ఆట లోపలి సమాచారం పేజీలో ఆ అంకె చూడాలి. అది కనిపించని సైట్‌లో ఉన్నది నకిలీ ఆట అయ్యే అవకాశం బాగా ఉంది.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఆన్‌లైన్ క్యాసినోలు 2013 నవంబరు నుంచి చట్టబద్ధంగా నడుస్తున్నాయి. అక్కడి ఎడిసన్ ఊళ్లో ఫోన్ తెరిచిన తెలుగువాడు రాష్ట్ర సరిహద్దు లోపలే ఉన్నాడని లొకేషన్ తనిఖీలో తేలాలి. హడ్సన్ నది దాటి న్యూయార్క్ వెళ్తే ఆట ఆగిపోతుంది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. కానీ ఆట ఇప్పుడు ఒక లింకు మాత్రమే. ఒక డొమైన్‌ను బ్లాక్ చేస్తే మరో పేరుతో తెల్లారేసరికి లేస్తుంది. ప్లే స్టోర్ అవసరం లేకుండా బ్రౌజర్ నుంచే హోమ్ స్క్రీన్ మీదకు ఎక్కి, నోటిఫికేషన్లు పంపుతుంది.

అలాంటి సైట్‌లో డబ్బు వేయడానికి క్యూఆర్ కోడ్ చాలు. ఆ యూపీఐ ఐడీ వెనక ఉండేది తరచూ ఎవరిదో అద్దె ఖాతా, అందుకే రోజుకో పేరు కనిపిస్తుంది. గెలిచిన సొమ్ము కూడా అలాంటి ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతా మరెక్కడో మోసపోయినవారి సైబర్ ఫిర్యాదులో ఉంటే, బ్యాంకు మీ ఖాతాలో అంత మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానే, స్తంభింపజేస్తుంది. విడిపించుకోవాలంటే ఫిర్యాదు నమోదైన రాష్ట్రం పోలీసులకు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పాలి.