ప్రళయ నవలలపై శ్రీకాకుళం అభ్యంతరాలు

ఇంగ్లాండులో జె.జి. బాలార్డ్ అనే పెద్దమనిషి 1961–66 మధ్య నాలుగు నవలలు రాసి భూగోళాన్ని నాలుగు రకాలుగా నాశనం చేశారు. ఒకదాంట్లో గాలి, ఒకదాంట్లో నీరు, ఒకదాంట్లో కరువు. ఇంకొకదాంట్లో అడవంతా స్ఫటికమైపోతుంది. ఈ స్ఫటికం ఒక్కటీ తప్ప మిగతావన్నీ మా జిల్లాకి అనుభవమే కాబట్టి, సమీక్షించే అర్హత మాకుందని మనవి.

ముందు గాలి. ఆయన నవలలో దాని వేగం రోజురోజుకీ గంటకి ఐదేసి మైళ్ల చొప్పున పెరుగుతూ పోతుంది. అంత తీరిక మాకెక్కడిది? 2018 అక్టోబరు 11న తెల్లారేసరికి తిత్లీ తుఫాను మా ఉద్దానం ప్రాంతపు కొబ్బరినీ జీడినీ నేలకి పడుకోబెట్టేసింది. సరే, అది చిన్న తేడా. అసలు లోపం ఏమిటంటే, ప్రళయం వస్తే ప్రభుత్వం మాయమైపోతుందని ఇలాంటి నవలలు రాసేవాళ్లంతా నమ్మడం. మాయమవడమా! ప్రళయం వచ్చాకే కదా అది మా ఊరొచ్చేది! పరిహారం కావాలంటే పడిపోయిన చెట్టు పక్కన రైతు నిలబడాలి, ఫొటో దిగాలి, ఆధార్, పాసుపుస్తకం చూపించాలి. భూమి ఇంకా తాత పేరునే ఉంటే తాతని పిలవాలి. కౌలుదారుడైతే చెట్టు అసలు పడనట్టే. "మా సెట్లు రాసినారేటి బాబూ?" అని అడిగే ముసలమ్మ లేని ప్రళయ సాహిత్యం ఎంత గొప్పదైనా అసంపూర్ణం.

మునిగిన లండన్ కథలో నాయకుడు చివరికి ఒంటరిగా దక్షిణానికి, సూర్యుడి వైపు వెళ్లిపోతాడు. విమర్శకులు దీన్ని అంతరంగ యాత్ర అన్నారు. మావాళ్లూ దక్షిణానికే పోతారు, పలాసలో చెన్నై బండెక్కి, జనరల్ బోగీలో. దీన్ని వలస అంటారు.

ఆ నవలలో చిత్తడి అంటే నాగరికతకి ముగింపు. మా సోంపేట దగ్గరి బీల అనే చిత్తడి నేల గురించి అధికారుల కాగితాలకీ అదే అభిప్రాయం: పనికిరాని భూమి, థర్మల్ కేంద్రం కడితే బాగుపడుతుంది. వరీ చేపలూ ఇచ్చే బీలని వదులుకోమని జనం అడ్డం తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. దీని మీద వ్యంగ్యం నాకు చేతకాదు, ముందుకి పోతాను.

కరువు నవలలో సముద్రం మీద పారిశ్రామిక వ్యర్థాల పొర కడుతుంది, ఆవిరి లేవదు, వాన పడదు. కారణం విప్పి చెప్పేశారు, పాఠకుడు నిశ్చింతగా భయపడొచ్చు. ఉద్దానంలో నీళ్లున్నాయి, తోటలున్నాయి, కిడ్నీలు మాత్రం పాడైపోతున్నాయి. ఎన్నో బృందాలు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లినా ఇదీ కారణమని ఇంకా తేలలేదు. దోషి దొరకని ఈ కథని లండన్ సంపాదకుడెవరైనా తిప్పి పంపేస్తాడు. ఇక్కడ తిప్పి పంపడానికి వీల్లేదు, డయాలసిస్‌కి వేళవుతుంది.