ఏఎం, పీఎం: మార్తాండుడికి అంటగట్టిన రెండక్షరాలు

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఏడాదికి రెండుసార్లయినా వస్తుంది. మొన్న పంపింది మా పెదనాన్న. సారాంశం ఇదీ: గడియారంలో చూసే ఏఎం, పీఎం సంస్కృతం మాటలట. ఏఎం అంటే ఆరోహణం మార్తాండస్య, సూర్యుడు పైకెక్కడం. పీఎం అంటే పతనం మార్తాండస్య, సూర్యుడు కిందికి దిగడం. తెల్లవాళ్లు వీటిని ఎత్తుకుపోయి "యాంటీ మెరిడియన్, పోస్ట్ మెరిడియన్" అని ఏదో అతికించారు గానీ, దేనికి ముందో దేనికి తర్వాతో చెప్పలేకపోయారట.

పెదనాన్నకు గ్రూపులో అందరి ముందూ ఎదురు చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చివరి మాటతో మొదలుపెడతాను. దేనికి ముందో చెప్పలేదన్నది తప్పు. రెండో మాట చెప్పేదే అది. అది మెరిడియన్ కాదు, మెరిడియెమ్. లాటిన్‌లో మెరిడియెస్ అంటే మధ్యాహ్నం. ఆంటె మెరిడియెమ్ అంటే మధ్యాహ్నానికి ముందు, పోస్ట్ మెరిడియెమ్ అంటే మధ్యాహ్నం తర్వాత. ఫార్వర్డ్ రాసినవారు దాన్ని పటం మీద గీసే గీత అనుకుని, అర్థం కాలేదు కాబట్టి అర్థమే లేదని తేల్చేశారు.

"ఎత్తుకుపోయారు" అన్న ఆరోపణకు జవాబు రోమన్ చట్టంలో ఉంది. రోమ్‌లో క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి పన్నెండు పలకల శాసనంలో, వ్యాజ్యం ఆంటె మెరిడియెమ్ వినిపించుకోవాలని, పోస్ట్ మెరిడియెమ్ అయితే హాజరైనవాడి పక్షాన తీర్పు చెప్పాలని ఉంది. ఆ వాక్యాలను క్రీ.శ. 2వ శతాబ్దపు రచయిత ఔలుస్ గెలియస్ ఎత్తి రాశాడు గనక మనకు దక్కాయి. బ్రిటిష్‌వాళ్లు ఓడ ఎక్కడానికి రెండు వేల ఏళ్ల ముందు సంగతి ఇది. అప్పట్లో రోమ్‌లో మధ్యాహ్నం ఎప్పుడైందో తెలిసేదెలా అంటే, రోమన్ రచయిత ప్లినీ చెప్పిన వివరం ముచ్చటగా ఉంటుంది. కాన్సుల్ అనే పాలకుడి దగ్గర పనిచేసే బంట్రోతు సభాభవనం దగ్గర నిలబడి చూసేవాడు. ఉపన్యాస వేదికకూ, విదేశీ రాయబారులు నిలబడే అరుగుకూ మధ్యకు సూర్యుడు రాగానే "మధ్యాహ్నమైంది" అని కేకవేసేవాడు.

ఇక ఫార్వర్డ్‌కి మార్కులు పడే చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. "అర్ధరాత్రి 1 గంటకు సూర్యుడే లేడు, ఆరోహణం ఎక్కడిది?" అని దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు. ఆ వెక్కిరింత చెల్లదు. అర్ధరాత్రి సూర్యుడు మన పాదాల కింద అట్టడుగున ఉంటాడు. అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కుతూనే ఉంటాడు, ఆ తర్వాత దిగుతూనే ఉంటాడు. లెక్క సరిపోయింది. కానీ అర్థం సరిపోవడం వేరు, మాట అక్కడి నుంచి పుట్టడం వేరు.

ఎందుకంటే రెండక్షరాల్లో ఏదైనా పడుతుంది. చూడండి. నేను కూడా సంస్కృతమే వాడతాను, మార్తాండుణ్ణి కదపను. ఏఎం అంటే అస్తమనం మార్తాండస్య, సూర్యుడు మునగడం. పీఎం అంటే ప్రాకట్యం మార్తాండస్య, సూర్యుడు కనబడటం. విభక్తి సరిగ్గా ఉంది, గాంభీర్యం కూడా తగ్గలేదు. అర్థం మాత్రం తలకిందులైంది: పొద్దున పీఎం, సాయంత్రం ఏఎం! మార్తాండుడు కూడా వద్దనుకుంటే పూర్వమధ్యాహ్నం పీఎం, అపరమధ్యాహ్నం ఏఎం. ఏ పద్ధతితో ఒక మాటకూ దాని వ్యతిరేకానికీ రెంటికీ "రుజువు" దొరుకుతుందో, ఆ పద్ధతి దేన్నీ రుజువు చెయ్యదు.

అసలు మార్తాండుడే ఎందుకు? అమరకోశం సూర్యుడికి ముప్పైకి పైగా పేర్లు చెబుతుంది. సూర్య, ఆదిత్య, దివాకర, భాస్కర, రవి, భాను... నోట్లో ఆడే పేర్లన్నీ వదిలేసి మార్తాండుడి దాకా వెళ్లాల్సి వచ్చింది, ఎం అక్షరం కావాలి కాబట్టి. జవాబు ముందు పెట్టుకుని లెక్క వెనక నుంచి చేసినట్టు.

ఇంగ్లీషు పొట్టి మాటల సంగతి మనకు కొత్తా? పేపర్లో పీఎం అంటే ప్రధాని. పోలీస్ స్టేషన్లో పీఎం అంటే శవపరీక్ష. గాలి కాలుష్యం వార్తలో పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి కణాలు. మూలకాల పట్టికలో 61వ గడి ప్రొమీథియం. ఏఎం రేడియోలో తరంగం ఎత్తును మార్చే పద్ధతి, 95వ గడిలో అమెరీషియం. ఇన్నింట్లో ఏది సరైనదో అక్షరాలు చెప్పవు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు రాశారో చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆరోహణం మార్తాండస్య అని పూర్వం ఏ జ్యోతిష సిద్ధాంతగ్రంథంలో, ఏ శాసనంలో పొద్దుటిపూటకు పేరుగా రాశారు? ఫార్వర్డ్ ఒక్క చోటు కూడా చూపించదు.

సంస్కృతానికి ఈ పని చెయ్యడానికి సొంత మాటలు లేక కాదు. పూర్వాహ్ణం, మధ్యాహ్నం, అపరాహ్ణం ఉన్నాయి. శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథం పూర్వాహ్ణం దేవతలది, మధ్యందినం మనుషులది, అపరాహ్ణం పితృదేవతలది అని పంచిపెట్టింది కూడా. ఇక్కడ చిన్న తమాషా. పూర్వాహ్ణానికి, అపరాహ్ణానికి ణ రాస్తాం, మధ్యాహ్నానికి మాత్రం న. అచ్చుతప్పు కాదు. ముందున్న మాటలో రేఫ, అంటే ర, ఉంటే ఆ న మారుతుందని పాణిని దానికో సూత్రం రాశాడు: అహ్నోఽదంతాత్. పొద్దుకీ మధ్యాహ్నానికీ నడుమ ఒక ఒత్తు ఎలా మారాలో పట్టించుకున్న సంప్రదాయం, పూట పేరే ఎక్కడా రాసుకోకుండా వదిలేసిందంటే నమ్మాలా?

పొట్టిగా రాసే అలవాటూ మనకు పాతదే, కానీ తీరు వేరు. మనవాళ్లు అక్షరాలను హల్లు, అచ్చు విడదీసి తీసుకోలేదు. మాట మొదటి గుణింతాక్షరాన్ని తీసుకున్నారు. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల ప్రాకృత శాసనాల్లో తేదీలు "వా ప 6" అన్న ధోరణిలో ఉంటాయి. వా అంటే వానాకాలం, ప అంటే పక్షం. ఈనాటి పంచాంగంలో ఉ., ప., రా., తె. అన్నవీ అదే కోవ. ఆ లెక్కన ఆరోహణం మార్తాండస్య పొట్టిదైతే "ఆ.మా." కావాలి, పతనం "ప.మా." కావాలి. ఏ, ఎం, పీ అనేవి రోమన్ లిపి అక్షరాల పేర్లు. సంస్కృతంలో పుట్టిన సంక్షేపం రోమన్ లిపిలో ఎలా పుడుతుంది?

పైగా అవసరమే లేదు. సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయం దాకా 60 ఘడియలు లెక్కపెట్టినవాళ్లకు ఒకే అంకె రోజుకు రెండుసార్లు రాదు. పొద్దున పదా, రాత్రి పదా అన్న గొడవ పన్నెండేసి గంటల గడియారానిది.

12 దగ్గర ఇంకో ఆధారం ఉంది. సరిగ్గా మధ్యాహ్నం అంటే మధ్యాహ్నానికి ముందూ కాదు, తర్వాతా కాదు. అందుకే 12 పీఎం అంటే ఈ రోజుకీ తికమకే. అమెరికా కొలతల సంస్థ నిస్ట్ కూడా 12కి ఆ అక్షరాలు వాడొద్దనే చెబుతుంది. స్పానిష్‌లో ఈ సరిగ్గా మధ్యాహ్నానికి వేరే గుర్తే ఉంది: "12 ఎం", మెరిడియెస్ అని. మార్తాండుడితో చదివితే "12 మార్తాండుడు" అవుతుంది.

మాటను విరిచి మూలం చెప్పే సరదా మాత్రం కొత్తది కాదు. జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో హోర అనే జ్యోతిషపు మాట గురించి చెబుతూ, అహోరాత్రంలో మొదటి అక్షరం, చివరి అక్షరం పోగా మిగిలిందే హోర అని కొందరి అభిప్రాయం అన్నాడు. "కొందరు" అన్న మాట గమనించండి, తన నెత్తిన వేసుకోలేదు. గ్రీకు హోరా నుంచి వచ్చిందన్నదే నేటి పండితుల మాట. యవనుల (గ్రీకుల) దగ్గర శాస్త్రం ఉంది, వాళ్లూ ఋషుల్లా పూజ్యులేనని బృహత్సంహితలో రాయడానికి ఆయన మొహమాటపడలేదు.

లాటిన్‌కీ సంస్కృతానికీ ఇక్కడ చుట్టరికం లేదా అంటే, ఉంది. మెరిడియెస్ పాత రూపం మెదిదియెస్. మెదియుస్ అంటే నడిమి, దియెస్ అంటే దినం. పూర్వం దీన్ని ర తో కాక ద తోనే పలికేవారని, ప్రెనెస్తె ఊళ్లో ఒక నీడగడియారం మీద అలాగే చెక్కి ఉండగా చూశానని రోమన్ పండితుడు వారో రాశాడు. మెదియుస్, మధ్య ఒకే మూలానివి. దియెస్‌కి మన దివ, దిన బంధువులు. ఎవరూ ఎవరి దగ్గరా ఎత్తుకుపోలేదు, ఇద్దరికీ ఒకే ఇంటి నుంచి వచ్చిన ఆస్తి అది. మెదిదియెస్, మధ్యందినం: పక్కపక్కన పెట్టి ఒకసారి పైకి చదివి చూడండి. పెదనాన్నకు ఈ ముక్క ఒక్కటీ విడిగా పంపాను.