కిట్టుకి దీర్ఘమిస్తే…

శారద: ఏమండీ, ఇంగ్లీషు పాఠంలో గాలిపటం బొమ్మ కింద ‘కీట్’ అని మనవడి చేత రాయించింది మీరేనా?

మూర్తి: నేనే. ‘కిట్’ షార్టు, దానికి లాంగు రాయమన్నారట. ‘ఇ’కి దీర్ఘం ‘ఈ’. తెలుగు పండితుడికి ఆ మాత్రం తెలీదా?

శారద: మీ మాత్రల లెక్క ఇక్కడ చెల్లదు. బళ్లో లాంగ్ అంటే అచ్చు తన పేరు తానే పలకడం: ఏ, ఈ, ఐ, ఓ, యూ. కిట్ చివర ‘ఈ’ (e) అక్షరం తగిలిస్తే కైట్. అలాగే క్యాప్ కేప్ అవుతుంది, కట్ క్యూట్ అవుతుంది. ఆ చివరి ‘ఈ’ మాత్రం నోరు మెదపదు.

మూర్తి: నోరు మెదపకుండా పని జరిపించొచ్చా? నీకెలా అర్థమైందే ఈ పాఠం!

శారద: వెటకారాలొద్దు. పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ రోజుల్లో అయితే మీరన్నట్టే ‘కీట’ అనేవాళ్లు. 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషు దీర్ఘాలు నోట్లో ఒక్కో మెట్టూ పైకెక్కాయి. అప్పటికే పైనున్న ‘ఈ’ శబ్దానికి ఎక్కడానికి చోటు లేక ‘ఐ’లోకి జారింది. రాత మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది.

మూర్తి: అంటే నేను కరెక్టే!

శారద: కరెక్టే. ఆరొందలేళ్లు లేటు.

మూర్తి: మరి గివ్, హ్యావ్? చివర నీ మూగ ‘ఈ’ ఉందిగా, లాంగ్ కాలేదే?

శారద: ఇంగ్లీషు మాట ‘వి’ అక్షరంతో ఆగడం అరుదు. అక్కడ ‘ఈ’ ఉత్త కాపలాదారు. ఫైవ్‌లో పనిచేస్తుంది, గివ్‌లో చెయ్యదు. బట్టీ పట్టాల్సిందే. ఇంకోటి, డిన్నర్‌లో రెండు ‘ఎన్’లు షార్టుని కాపాడతాయి. ఒకటి ఎగరగొట్టారా, డైనర్.

మూర్తి: పోనీ షిప్, షీప్ అయినా నావే! ఒక మాత్ర, రెండు మాత్రలు.

శారద: అక్కడా సాగదీత ఒక్కటే చాలదు. దొరల నోట ‘బీట్’లో ఈకారం ‘టి’ ముందు కురచవుతుంది, ‘బిడ్’లో ఇకారం ‘డి’ ముందు సాగుతుంది. పొడవులో రెండూ ఇంచుమించు ఒకటే. అసలు తేడా నాలుకలో ఉంది. షీప్‌కి నాలుక బాగా పైకి, ముందుకి, పెదాలు పక్కలకి. షిప్‌కి నాలుక కాస్త కిందికి, పెదాలు వదులుగా. అద్దంలో చూసుకోండి.

మూర్తి: షీప్… షిప్… షీప్…

శారద: అదీ! పళ్లు కనబడితే గొర్రె, మొహం వేలాడితే ఓడ.

మూర్తి: ‘ఓ’లు రెండు పక్కపక్కన ఉంటే?

శారద: గుడ్ పొట్టి, ఫూడ్ పొడుగు, బ్లడ్‌లో ‘అ’. సూత్రం అడక్కండి.

మూర్తి: ఫుడ్ అన్నావు కాబట్టి అడుగుతున్నా, వంటెప్పుడు?

శారద: ఇవాళ కుక్ మీరు. ఉకారం పొట్టిది సుమండీ, సాగదీస్తే అమెరికాలో తిక్కమనిషని అర్థం.

మూర్తి: కూ…క్‌నే అనుకో. కుక్కర్ మూత ఏదీ?