పండే కదా అని మా బూడిదగాడికి పెట్టకండి

మొన్న ఆదివారం తాడిపత్రి నుంచి మా మేనత్త వచ్చింది. వస్తూ వస్తూ కిలో ద్రాక్ష తెచ్చింది. నేను వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతున్నా. హాల్లో ఆమె మా పిల్లి బూడిదగాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ద్రాక్షపండు తోలు తీసి మరీ నోటికి అందిస్తోంది. వాడు వాసన చూశాడు, ముందుకాలితో ఒక్కటి తట్టాడు, ఇక గచ్చు మీద గోలీలాట మొదలు. "ఏం పిల్లి మే ఇది, పండు కూడా తినదు!" అని ఆమె బాధ. నాకు మాత్రం గుండె జారిపోయింది.

వద్దత్తా అంటే, "పండే కదా, విషమా ఏమన్నా?" అంది.

ద్రాక్ష మటుకు విషమనే అనుకోవాలి. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిని కుక్కల కిడ్నీలు పాడవడం పశువుల డాక్టర్లు ఏళ్లుగా చూస్తున్నదే. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విష నియంత్రణ కేంద్రం డాక్టర్లు రాశారు. మన చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లానిదే. పిల్లుల్లో ఇలాంటి కేసులు తక్కువ. కానీ ఎన్ని తింటే ముప్పు అనే లెక్క లేదు కాబట్టి ఒక్కటి కూడా పెట్టొద్దంటారు.

నా భయానికి ఇంకో కారణముంది. పోయిన ఉగాదికి వీడు పాయసం గిన్నెలో మూతి పెట్టి ఎండుద్రాక్ష మింగాడు. ఎన్ని మింగాడో తెలీదు. నేను చేసిన తెలివైన పని ఏంటంటే, కక్కిద్దామని గ్లాసులో ఉప్పునీళ్లు కలిపాను. అదృష్టం, ముందు డాక్టరుకు ఫోన్ చేశా. ఆయన తిట్టిన తిట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి. ఉప్పు ఎక్కువై అదే ప్రాణం మీదికి తెస్తుందట. కూరగాయల బుట్టలో వాణ్ని పెట్టి, పైన టవల్ కట్టి, ఆటోలో పరిగెత్తాను. ఆసుపత్రి వరండాలో ఒక బర్రె, నాలుగు మేకలు, బుట్టలోంచి మావాడి ఏడుపు. ఇంజెక్షన్ వేసి కక్కిస్తే రెండు ఎండుద్రాక్షలు బయటపడ్డాయి, ఉబ్బి, మెరుస్తూ. రెండు రోజుల తర్వాత రక్తపరీక్ష బాగానే వచ్చింది. ఆ రెండు రోజులు నేను అన్నం తిన్నానా లేదా అని అడక్కండి.

అసలు విషయం ఏంటంటే, పిల్లికి తీపి తెలీదు. తీపిని పసిగట్టే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో పనిచేయడం లేదని 2005లో అమెరికా ఫిలడెల్ఫియాలోని మోనెల్ అనే రుచి, వాసనల పరిశోధన కేంద్రం వాళ్లు చూపించారు. పులికీ అంతే. మనం "తియ్యగా ఉంది, తిను నాయనా" అని బతిమాలేది మన ముచ్చట కోసమే. మరి వేసవిలో కర్బూజ కోస్తే వీడెందుకు పరిగెత్తుకొస్తాడు? వాసనకు. ముక్క నాకుతాడు, తొక్క దగ్గర నీళ్లు నాకుతాడు, వెళ్లి ఫ్రిజ్ కింద చల్లగా పడుకుంటాడు. గింజ, తొక్క తీసి గోరంత ముక్క పెడితే నష్టం లేదు. పుచ్చకాయ, అరటిపండు కూడా అంతే. అవి లేకపోయినా వాడికి లోటేమీ లేదు. విటమిన్ సి కోసం మనకు జామపండు కావాలేమో గానీ, పిల్లి కాలేయం దాన్ని తనే తయారు చేసుకుంటుంది.

చీనీకాయ, అదే బత్తాయి, సంగతి వేరు. మార్కెట్ యార్డు పక్కన ఉంటాం కాబట్టి ఇంటినిండా అవే. కుండీల్లో తొక్కలు వేస్తే పిల్లి ఆ దరిదాపుల్లోకి రాదు, దాని ముక్కే చెప్తోంది వద్దని. తొక్కలోని నూనె దానికి పడదు. సీతాఫలం గింజలైతే మన జేజిలు పేలకు నూరిన సరుకు, పిల్లికి అందకుండా పారేయండి.

ఇంకో కోపం కూడా కక్కేస్తా. మా వీధిలో ఒకరు తాము నీచు ముట్టరు కాబట్టి పిల్లికీ పెరుగన్నం, పండ్లే పెడతారు. మీ నియమం మీ ఇష్టం. పిల్లి మాంసం తినే జీవి. దానికి కావాల్సిన టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లో ఉంటుంది, అన్నంలో పండ్లలో ఉండదు. అది తగ్గితే కంటిచూపు పోతుంది. గుండె కూడా ఉబ్బి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు చెప్పారు. నీచు ఇష్టం లేకపోతే కుందేలును పెంచుకోండి.

ఇదంతా అత్తకు చెప్తే ఆమె విన్నదొక్కటే, "అయితే వాడికి చేపలు తెస్తా." ముల్లు తీసి, ఉప్పూ కారం ఉల్లిపాయా లేకుండా ఉడకబెట్టాలి అన్నాను. "అంత సేవ మీ మామకు కూడా చేయలేదు" అంటూ బస్సెక్కింది.

ఈరోజు పొద్దున ఊడుస్తుంటే సోఫా కింద నుంచి ఒక ద్రాక్ష దొర్లుకుంటూ వచ్చింది, సగం ఎండి, నాలుగు గోటి గాట్లతో. కొరికిన గుర్తు లేదు. రెండుసార్లు చూశాను.