ఉత్తర్వులు చదవని ప్రచారం

బ్యాంకులైనా, బీమా కంపెనీలైనా, పెట్టుబడి సలహాదారులైనా ఇవాళ ఖాతాదారును మొదట పలకరిస్తున్నది ఫోను తెరమీదే. ఏ వేదిక కొత్తగా ఏ సదుపాయం తెచ్చింది, రీల్ ఎంత నిడివి ఉంటే చూస్తారు, పోటీ సంస్థ ఎవరితో ప్రచారం చేయిస్తోంది వంటి సంగతులు ఆ సంస్థల మార్కెటింగ్ విభాగాలకు ఎప్పటికప్పుడు అందుతూనే ఉంటాయి. ఏ మాట అన్నందుకు, ఏ మాట దాచినందుకు నియంత్రణ సంస్థలు ఎవరిని శిక్షించాయన్న సమాచారం మాత్రం వారి బల్లమీదికి ఆలస్యంగా వస్తుంది, లేదా రానేరాదు. ఆర్థిక సేవల రంగంలో సామాజిక మాధ్యమాల వార్తలు గమనించడమంటే ముందుగా ఈ రెండో పనే అని మా అభిప్రాయం.

సగం వార్త వింటే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతోంది. అక్కడ పెట్టుబడి సలహాదారులు ఖాతాదారుల ప్రశంసలను ప్రకటనల్లో వాడరాదన్న 1961 నాటి నిబంధన దాదాపు ఆరు దశాబ్దాలు నడిచింది. 2020 డిసెంబరులో అక్కడి పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఆ నిషేధాన్ని తొలగిస్తూనే, మెచ్చుకున్న వ్యక్తి ఖాతాదారా కాదా, అందుకు ప్రతిఫలం ముట్టిందా అన్నది స్పష్టంగా కనబడేలా చెప్పాలని షరతు పెట్టి, అమలుకు 2022 నవంబరు 4 వరకు గడువిచ్చింది. నిజంగా ఎవరికీ రాని, ఊహాజనిత రాబడుల లెక్కలను ఎవరికి, ఎలా చూపాలన్నదానికీ అదే నిబంధన కట్టుబాట్లు విధించింది. అవసరమైన విధివిధానాలేవీ రూపొందించుకోకుండా అలాంటి లెక్కలను తమ వెబ్‌సైట్లలో అందరికీ చూపిన తొమ్మిది సంస్థలపై 2023 సెప్టెంబరులో కమిషన్ చర్యలు తీసుకుంది. నిబంధన వచ్చి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. తెలియలేదనడానికి ఆస్కారమే లేదు.

కృత్రిమ మేధ విషయంలోనూ ఇదే జరిగింది. ప్రతి ప్రకటనలోనూ ఆ మాట ఉండాలని మార్కెటింగ్ నిపుణులు ఊదరగొడుతున్న రోజుల్లోనే, 2024 మార్చిలో, లేని సామర్థ్యాన్ని ఉన్నట్టు చెప్పుకున్న రెండు సలహా సంస్థలు అదే కమిషన్‌కు మొత్తం 4 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి. ఫలానా వేదికను, ఫలానా పరికరాన్ని వదులుకోవద్దని హెచ్చరించే వ్యాసాల్లో చాలావాటిని ఆ సరుకు అమ్ముకునేవారే రాస్తుంటారన్న సంగతీ మరవరాదు.

అన్నిటికన్నా చిక్కు ఇన్‌ఫ్లుయెన్సర్లతో, అంటే సామాజిక మాధ్యమాల్లో ఎక్కువమంది అనుసరించే వ్యక్తులతో వస్తోంది. పోస్టు మన ఖాతాలో రాలేదు కదా, మనకేమిటి సంబంధం అన్న ధీమా చాలా సంస్థల్లో కనిపిస్తుంది. అమెరికాలో బ్రోకర్ల స్వీయ నియంత్రణ సంస్థ ఫిన్రా 2024 మార్చిలో ఎం1 ఫైనాన్స్ అనే సంస్థకు విధించిన 8,50,000 డాలర్ల జరిమానా ఆ ధీమాకు జవాబు. ఆ సంస్థ దాదాపు 1,700 మంది చేత డబ్బిచ్చి ప్రచారం చేయించుకుంది. షేర్లు తాకట్టుపెట్టి తీసుకున్న అప్పును ఎప్పుడు తోస్తే అప్పుడు తీర్చుకోవచ్చని వారిలో ఒకరు చెప్పారు. షేర్ల విలువ పడిపోతే అప్పటికప్పుడు డబ్బు కట్టమని అడిగే హక్కు సంస్థకు ఉంటుందన్నది ఆ మాటలో లేదు. ఆ పోస్టులను సంస్థ ముందుగా పరిశీలించి ఆమోదించలేదు, ప్రతులనూ భద్రపరచలేదు. డబ్బిచ్చి చెప్పించిన మాట సంస్థ మాటేనని ఫిన్రా తేల్చింది. ఇందులో అన్యాయం ఏముందో మాకు కనబడదు.

బ్రిటన్‌లో ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ అదే నెలలో వెలువరించిన మార్గదర్శకాలు మరింత సూటిగా ఉన్నాయి. ప్రతి పోస్టూ తనంతట తానుగా నిబంధనలకు లోబడి ఉండాలి. నష్టభయం గురించిన హెచ్చరికను ‘ఇంకా చదవండి’ అన్న మీట వెనక దాచకూడదు. మీమ్ అయినా మినహాయింపు లేదు.

ఇవన్నీ బహిరంగంగా, ఉచితంగా దొరికే పత్రాలే. చాలా సంస్థల్లో వీటిని నిబంధనల పాటింపు చూసే కంప్లయన్స్ విభాగం చదువుతుంది, పోస్టులను మాత్రం మార్కెటింగ్ విభాగంలోని కొత్త ఉద్యోగి పెడతాడు. ఆ ఇద్దరూ కలిసేది నోటీసు వచ్చిన రోజున. ఉత్తర్వు చదివిన మనిషికే పోస్టును ఆపే అధికారం ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణేమీ కాదు. ప్రచారం నెమ్మదిస్తుందన్న అభ్యంతరం నిజమే. పరుల సొమ్ముతో వ్యాపారం చేసేవారు ఆ మాత్రం నెమ్మదిని భరించాల్సిందే.

పాత పోస్టుల సంగతి ఎవరికీ పట్టడం లేదు. నిబంధన మారాక కూడా రెండేళ్ల కిందటి వీడియో వెతికినవారికి దొరుకుతూనే ఉంటుంది, అందులోని రాబడి లెక్కను కొత్త ఖాతాదారు ఇవాళ్టి లెక్కగానే నమ్ముతాడు. నిబంధన మారిన ప్రతిసారీ సొంత ఖాతాలను వెనక్కి తిరగేసి చూడటం, డబ్బు తీసుకున్న ఇన్‌ఫ్లుయెన్సర్ సంస్థ అడిగిన వెంటనే తన పోస్టు తొలగించాలని ఒప్పందంలోనే రాసుకోవడం సంస్థలు తక్షణం మొదలుపెట్టాలి.