కప్పుల సొమ్ములో సగం మ్యాట్‌కి పెట్టండి

2024 జూన్ 6న డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్ వేసి అమెరికాను గెలిపించిన సౌరభ్ నేత్రావల్కర్ అప్పటికి ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజినీరు. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు ఆడే మనవాళ్లందరికీ ఆ గెలుపు సొంతమే అనిపించింది. అయితే ఆయన 2010లోనే భారత అండర్-19 జట్టుకు ప్రపంచకప్ ఆడి వచ్చినవాడు. మన వారాంతపు ఆటగాడి దారి వేరు. కాలేజీ దాకా టెన్నిస్ బంతి, ఇక్కడ అమెరికాకొచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాక లెదర్ బంతి, నలభై రాకముందే మోకాలికి పట్టీ. ఆట మీద మోజు తీరి మానేసేవాళ్లు తక్కువ. ఒంట్లో ఏదో ఒకటి పట్టేసి మానేస్తారు.

వారమంతా కుర్చీలో కూర్చుని, శనివారం పొద్దున్నే మొదటి ఓవర్ నుంచే పూర్తి వేగంతో వేస్తే తొడ వెనక కండరం పట్టేయడంలో వింత లేదు. ఆ జాగ్రత్త ఎవరిది వాళ్లే పడాలి. పిచ్ మాత్రం టోర్నమెంట్ పెట్టేవాళ్ల బాధ్యత.

పిచ్‌గా మట్టి మీద పరిచే కొబ్బరి పీచు మ్యాట్‌నే తీసుకోండి. ముందురోజు సాయంత్రం నేల తడిపి, పదును చూసి రోలర్ తిప్పాలి. పొద్దున రాళ్లు ఏరి, ఊడ్చి, మ్యాట్ పరవాలి. ముందు ఒక కొస మేకులతో బిగించి, రెండో కొస నలుగురు పట్టుకుని లాగాలి. ఆ తర్వాతే పక్కలు: ఇటొక మేకు, అటొక మేకు. ఒక పక్కంతా ముందే కొట్టేస్తే రెండో పక్క ముడతలు తేలతాయి. క్రీజుల దగ్గర మేకులు దగ్గర దగ్గరగా పడాలి, తలలు పైకి కనిపించకూడదు.

మ్యాట్ వదులైతే గుడ్ లెంగ్త్‌లో పడ్డ బంతి ఒకటి గ్లవ్స్ మీదికి లేస్తుంది, ఇంకొకటి పాదాల మీదికి జారుతుంది. అంతకన్నా ప్రమాదం బౌలర్‌కి. స్టంప్స్‌కి నాలుగడుగుల ముందున్న గీత, అంటే పాపింగ్ క్రీజు దగ్గర ముందుకాలు పడేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం దాని మీదే పడుతుంది. అప్పుడు కింద మ్యాట్ జరిగితే పాదం ఒకవైపు, మోకాలు ఒకవైపు తిరుగుతాయి. అందుకే ఇన్నింగ్స్ మధ్య విరామంలో సుత్తి పట్టుకుని మేకులన్నీ మరోసారి చూసుకోవాలి. స్పైకులు వద్దు, రబ్బరు అడుగు బూట్లే వేసుకోవాలి. ఆట అయ్యాక తడి మ్యాట్‌ని అలాగే చుట్టిపెడితే పీచు కుళ్లి, వచ్చే సీజన్‌కి అంచుల్లో మేకు నిలవదు. కంచె మీద ఆరేసి, పూర్తిగా ఆరాకే చుట్టాలి.

ఇందులో ఖరీదైన విద్య ఏమీ లేదు. అయినా మన సంఘాల టోర్నమెంట్లలో డబ్బంతా కప్పులకి, రంగు జెర్సీలకి, ఫ్లెక్సీలకి పోతోంది, మ్యాట్ మాత్రం చిరుగుల మీదే నడుస్తోంది. కప్పుల సొమ్ములో సగం తీసి కొత్త మ్యాట్, వాషర్లున్న మేకులు, అద్దె రోలర్ తెప్పించండి. టాస్‌కి ముందు ఇద్దరు కెప్టెన్లూ రెండు క్రీజుల దగ్గరా మ్యాట్‌ని కాలితో తొక్కి, మెలితిప్పి చూడాలని నిబంధనల్లో రాయండి. కాలి కింద జరిగితే, ఆట అరగంట ఆలస్యమైనా సరే, మేకులు పీకి మళ్లీ లాగి కొట్టాల్సిందే.