మోడల్ మారిందా, దానికిచ్చిన లెక్కలు మారాయా?

భవిష్యత్తు వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే కొత్త తరం క్లైమేట్ మోడళ్లు పాతవాటికంటే ఎక్కువ వేడి చూపించగానే ‘ముప్పు ముదిరింది’ అని రాసేస్తున్నాం. ఆ తేడాలో మోడల్ వాటా ఎంత, దానికి అందించిన ఇన్‌పుట్ల (గాలిలో చేరే వాయువులు, పొగల లెక్కల) వాటా ఎంత అని ముందు తేల్చుకోవాలి.

సీమిప్ అంటే ప్రపంచంలోని మోడళ్లను ఒకే ఇన్‌పుట్లతో నడిపి పోల్చే అంతర్జాతీయ ప్రాజెక్టు; సీమిప్-5 పాత తరం, సీమిప్-6 కొత్తది. ఉద్గారాలు భారీగా పెరిగితే ఏమవుతుందో చూసే ఊహా చిత్రం పేరు సీమిప్-5లో ఆర్‌సీపీ 8.5, సీమిప్-6లో ఎస్ఎస్‌పీ5-8.5. పేరు చివర అంకె ఒకటే కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. కానీ 2100 నాటికి కార్బన్ డయాక్సైడ్ మొదటిదానిలో సుమారు 936 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 936 వంతులు), రెండోదానిలో 1,100 పైనే. మీథేన్ మాత్రం కొత్తదానిలో బాగా తక్కువ. పైగా పాత తరంలో నిజంగా జరిగిన లెక్కలతో నడిపే చారిత్రక భాగం 2005తో ఆగింది, కొత్తదానిలో 2014 దాకా వచ్చింది. అంటే 2010వ సంవత్సరం ఒకచోట అంచనా, ఇంకోచోట చరిత్ర.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది అడవుల మంటల పొగ లెక్క. సీమిప్-6లో 1997 నుంచి ఉపగ్రహాల సమాచారం వాడారు. దాంతో అప్పటిదాకా నున్నగా సాగిన గీత ఒక్కసారిగా ఏటేటా ఎగుడుదిగుడైంది. సగటు పొగ అంతే ఉన్నా ఫలితం మారుతుంది. ఎందుకంటే శుభ్రమైన గాలిలో కాస్త పొగ చేరినా మేఘాల్లో నీటి బిందువుల సంఖ్య చాలా పెరుగుతుంది, దట్టమైన పొగకు ఇంకొంత తోడైతే పెద్దగా పెరగదు. అందుకే హెచ్చుతగ్గులు పెరిగేకొద్దీ సగటున మేఘాలు పలచబడి, ఎండ ఎక్కువగా నేలను తాకుతుంది. అమెరికాలోని ఎన్‌కార్ వాతావరణ పరిశోధన కేంద్రం వాళ్ల సీఈఎస్ఎం2 మోడల్‌లో ఈ ఒక్క కారణంతోనే ఉత్తరాది శీతల ప్రాంతాలు అదనంగా వేడెక్కాయి, ఆర్కిటిక్ సముద్రపు మంచు ఇంకా వేగంగా తరిగింది. ఈ సంగతి ఎలా తెలిసింది? ఆ మోడల్‌ను 100 సార్లు నడిపితే, అందులో 50 సార్లకు (రన్లకు) పొగ లెక్కను మళ్లీ నునుపు చేసి ఇచ్చారు కాబట్టి. మోడల్ అదే, మారింది ఒక్క ఇన్‌పుట్. నా దృష్టిలో సరైన పద్ధతి ఇదే.

మనకూ ఇందులో సంబంధం ఉంది. చైనా సల్ఫర్ ఉద్గారాలు 2010ల దశకంలో బాగా తగ్గినా, సీమిప్-6 ఇన్‌పుట్లలో ఆ తగ్గుదల సరిగా పడలేదు. ఆ సల్ఫర్ నుంచి ఏర్పడేవాటితో సహా ఆసియా గాలిలోని సూక్ష్మకణాలు రుతుపవనాల మీద కూడా ప్రభావం చూపుతాయి. అలాంటప్పుడు రాయలసీమకో, తెలంగాణకో రాబోయే వానల అంచనా వేసేవాళ్లు ఏ తరం డేటా, ఏ ఉద్గారాల వెర్షన్ వాడారో రిపోర్టు మొదటి పేజీలోనే చెప్పాలి. రెండు తరాల గీతలను ఒకే గ్రాఫులో అతికించడం మానాలి. పోల్చక తప్పనప్పుడు కొత్త మోడల్‌ను పాత ఇన్‌పుట్లతోనూ నడిపిన రన్లు ఉన్నాయేమో వెతకాలి. తర్వాతి తరమైన సీమిప్-7 డేటా పూర్తిగా చేతికి రాకముందే మన ప్రణాళికా విభాగాలు ఈ నిబంధన పెట్టుకోవాలి.